సీలింగులోంచి దిగిన నా కాలు

కుర్రతనంలో మనం చేసిన పని ఎవరో ఒకరు చూడాలని ఉంటుంది. ఊరంతా చూడక్కర్లేదు, ఇంట్లో ఒక్కరు చూసినా చాలు. ఆ రోజుల్లో నాకు కావలసిన ఆ ఒక్కరూ మా నాన్న. ఆయనేమో చూడనని భీష్మించుకు కూర్చున్నారు. కారణం లేకపోలేదు. ఆయన వడ్రంగి. గొలుగొండ, రోలుగుంట వైపు పెంకుటిళ్లకి కర్ర దూలాలు, వాసాలు ఎత్తి మమ్మల్ని పెంచారు. తర్వాత శ్లాబులొచ్చాయి, ఇనుప షెడ్లొచ్చాయి, ఆయన పనిముట్ల సంచి అటకెక్కింది. సరిగ్గా అప్పుడే ఆయన సుపుత్రుడు (నేనే) డిప్లొమా పూర్తి చేసి, నర్సీపట్నంలో ఇనుప షెడ్లు కట్టే కంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాడు. "లోకంలో ఇంకే పనీ దొరకనేదేట్రా నీకు?" అని ఒక్కసారి అడిగి, ఆపైన ఆ మాటే ఎత్తడం మానేశారు.

నాకు మొదట అప్పగించిన పని ఒక ఫంక్షన్ హాలు. మధ్యలో ఒక్క స్తంభం కూడా ఉండకూడదన్నారు యజమాని గారు. పెళ్లికొచ్చిన ప్రతివాళ్లకీ పీటలు కనపడాలట. అలాంటి కప్పుని మోసేది ట్రస్సు. ఇనుప కడ్డీలు త్రికోణాలుగా అతికి చేసిన పెద్ద దూలం అనుకోండి. వాటిని నేలమీద వెల్డింగ్ చేయించి, క్రేనుతో ఎత్తించి, ఈ గోడ నుంచి ఆ గోడకి కూర్చోబెట్టిన రోజున నేను అన్నం కూడా తినలేదు, తలెత్తి చూస్తూనే ఉన్నాను. నాన్నని రమ్మన్నాను. రాలేదు. రేకులు పరిచాక మళ్లీ పిలిచాను. మోకాళ్ల నొప్పులన్నారు (సాయంత్రం సంతకి నడిచే వెళ్లారు). ఈలోగా యజమాని గారు విశాఖపట్నంలో ఏదో హాలు చూసొచ్చి, "ఏటయ్యా ఇది, జీడిపిక్కల గొడౌన్లాగ అవుపడతంది. బేగి మూయించీండి!" అన్నారు. కొద్దిరోజుల్లోనే నా ట్రస్సుల కింద తెల్లటి ఫాల్స్ సీలింగ్ వేలాడింది. దానికి ప్లాస్టిక్ గులాబీలు, నీలం లైట్లు. ప్రారంభోత్సవం నాడు సీలింగ్ చేసినతనికి శాలువా కప్పారు. నాకొక స్వీటు ప్యాకెట్ ఇచ్చారు. అందులో కారప్పూస మెత్తబడిపోయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

నాన్న ఆ హాల్లో అడుగు పెట్టక తప్పని రోజు వచ్చింది. మా మేనమామ కూతురి పెళ్లి. ఆయన తలెత్తి అటూ ఇటూ చూసి, "నువ్వు కట్టిందేదిరా?" అన్నారు.

"పైన ఉంది నాన్నా. కనపడదు."

"అవుపడనిది కట్టీసినావా!" అని నవ్వారు. పక్కనున్న మా బావ కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ముహూర్తానికి ఇంకా టైముంది కదా అని, నాన్న చెయ్యి పట్టుకుని వేదిక వెనకాల సామాన్ల గదిలోకి లాక్కెళ్లాను. అక్కడ కరెంటు పనివాళ్ల కోసం ఇనుప నిచ్చెన, దానిపైన మనిషి పట్టేంత కంత ఉన్నాయి. మోకాళ్ల నొప్పుల మనిషి పంచె ఎగ్గట్టి నాకంటే ముందు ఎక్కేశారు.

పైన చీకటి, దుమ్ము, రేకుల వేడి. నడవడానికి వేసిన చెక్క మీద నిలబడి, నా ఫోన్ లైటు వెలుగులో నాన్న ట్రస్సు మీద అరచెయ్యి ఆనించారు. కర్రని చూసినట్టే చూశారు. నెమ్మదిగా తడిమి, అతుకు దగ్గర ఆగి, పిడికిలితో ఒక్కటి కొట్టి చూశారు. ఏమంటారోనని ఉండబట్టలేక నేనే, "ఆ పక్క అతుకు చూడు నాన్నా, అసలు పని అదీ" అంటూ ఒక అడుగు వేశాను. వేసింది చెక్క మీద కాదు, సీలింగ్ అట్ట మీద.

పైన మాకు టైము తెలియలేదు గానీ, కింద సరిగ్గా తాళి కట్టే వేళకి గట్టిమేళం అందుకున్నారట. పెళ్లికొడుకు నెత్తి మీద, గులాబీల మధ్య నుంచి తొడ దాకా ఒక కాలు దిగింది. చెప్పు జారి పురోహితుడి ఒళ్లో పడింది. మేళం ఆగిపోయింది. "ఓలమ్మో, కాలు!" అని మా అత్త కేక పెట్టింది. "ఎవుడ్రా ఆడు? నా సీలింగు! నా సీలింగు!" అని యజమాని గారు అరుస్తున్నారు (కాలు ఎవడిదో, విరిగిందో లేదో ఎవరికీ పట్టలేదు). నేను రెండు చేతులతో ట్రస్సుని కావిలించుకుని వేలాడుతున్నాను. నాన్న ఒక చేత్తో అదే ట్రస్సు పట్టుకుని, రెండో చేత్తో నన్ను పైకి లాగారు. లాగి, చెక్క మీది దుమ్ములో కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

"బయపడకు. నీ ఇనుము మనిద్దర్నీ మోసిందిరా. మోయనేనిది ఆ తెల్ల అట్టే."

అంతే. ఆ మాట మళ్లీ ఎవరి ముందూ అనలేదు. మర్నాడు నా ఉద్యోగం పోయింది. ఊళ్లో 'కాలు ఇంజినీరు' అన్న పేరు మాత్రం మిగిలింది. ఆ పేరు అంతలా పాకడానికి సగం కారణం నాన్నే. బతికున్నన్నాళ్లూ ఎదురైన ప్రతివాడికీ కాలు సంగతే చెప్పారు తప్ప, ఇనుము సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేదని నాకు ఇప్పటికీ చేదుగానే ఉంటుంది.

మొన్న ఆ హాల్లోనే మరో పెళ్లికి వెళ్లాను. నా కాలు దిగిన కంతకి అప్పట్లో అతికిన గులాబీ, చేటంత ఉంటుంది, అలాగే ఉంది. "సీలింగ్ ఎంత బాగుందో!" అని ఎవరో అంటున్నారు. ఆ గులాబీకి పైన, ఇనుము మీది దుమ్ములో నాన్న అరచేతి గుర్తు ఉండే ఉంటుందనిపించింది. తుడిచేవాళ్లు ఎవరున్నారు గనక? ఇన్నేళ్ల దుమ్ము దాన్నీ కప్పేసి ఉంటుందని నాకూ తెలుసు. అయినా తలెత్తి చూస్తూనే అక్షింతలు విసిరాను. అవి పెళ్లికూతురి మీద కాక మా బావ బట్టతల మీద పడ్డాయి. అతను విసుక్కుంటూ వెనక్కి తిరిగి, ముందుగా నా కాళ్ల వైపు చూశాడు, రెండూ నేలమీదే ఉన్నాయా అని.