నడుములో సూది

సుకన్య ఎవరినీ ఒక పట్టాన నమ్మదు. కూరగాయలామె తూకం వేస్తే ముల్లు నిలబడేదాకా అక్కడినుంచి కదలదు. మందుల షాపువాడిచ్చిన గోలీల అట్టను చీటీతో అక్షరం అక్షరం సరిచూసుకుంటుంది. కాశిబుగ్గలో ఆమె నేసిన జంపఖానాలకు పేరు రావడానికీ ఆ గుణమే కారణం. తను అతికిన పోగునే మళ్లీ లాగి చూస్తుంది. అలాంటి మనిషికి కడుపులో బిడ్డ ఎదురుకాళ్లతో ఉందనీ, ఆపరేషన్ తప్పదనీ దవాఖానలో చెప్పారు. కోతకు సరేనంది. గొడవంతా నడుములో వేసే మత్తుసూదితోనే వచ్చింది.

రోజంతా మగ్గం ముందు వంగి కూర్చునే మనిషికి నడుమే ఆస్తి. అది పోతే ఎలా ఉంటుందో చెప్పడానికి అత్త కట్టమ్మ ఇంట్లోనే కళ్లెదుట తిరుగుతోంది. సుకన్య భర్త కుమారస్వామిని కన్నప్పుడు ఆమెకు ఆ సూదే వేశారట. ఇరవై ఏడేళ్లుగా నిండు బిందె ఎత్తలేదు. "కోసింది మానింది గని సూది పొడిచింది మానలే బిడ్డా. మొత్తం మత్తియ్యమను, నడుం మాత్రం ముట్టనియ్యకు" అని నెలల తరబడి కోడలి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

ఆపరేషన్ రోజు పొద్దున మత్తు డాక్టర్ పద్మలత నవ్వుతూ మంచం దగ్గరికి వచ్చింది. ఆ నవ్వు మీదే సుకన్యకు మొదటి అనుమానం.

"నడుంల సూది నాకొద్దు మేడం. మొత్తం మత్తియ్యండ్రి."

"మొత్తం మత్తిస్తే బిడ్డ ఏడుపు గూడ వినవు. నీకు ఇదే మంచిది. పొడిచిన కాడ నాలుగు రోజులు నొస్తది, అంతే."

"మీకు అల్కగయితదని చెప్తాండ్రా, నాకు మంచిదని చెప్తాండ్రా?"

పక్క మంచాల ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. డాక్టర్‌కు కోపం రాలేదు. అదీ సుకన్యకు నచ్చలేదు. అత్తను ముందుకు లాగి, "ఈమె నడుం చూసి చెప్పుండ్రి" అంది.

డాక్టర్ కట్టమ్మను కూర్చోబెట్టి వెన్ను తడిమింది. "అమ్మా, ఆపరేషన్ అయినంక మగ్గం మీద ఎప్పుడు కూసున్నవ్?"

కట్టమ్మ కొంగు సర్దుకుంది. "పురుడయినంక."

"అంటే ఎన్నో దినం?"

"పదకొండో దినం. కుట్లు పచ్చిగనే ఉండె. గిరాకీ ఉన్నదని మా అత్త పిలిచింది. పొద్దుగూకేదాక కూసున్న."

"సూది నొప్పి ఇన్నేండ్లు ఉండదమ్మా" అంది డాక్టర్ మెల్లగా.

కట్టమ్మ ఇన్నేళ్లూ సూదినే తిట్టుకుంది. సూదిని తిడితే ఇంట్లో ఎవరికీ కోపం రాదు. ఆ సంగతి తట్టి సుకన్యకు అత్త మీద జాలేసింది.

నడుము వంచడానికి ఒప్పుకుంది. "కవరు నా ముందట చింపుండ్రి" అని మరీ వంచింది. కాళ్లు మొద్దుబారి తనవి కాకుండా పోయినప్పుడు అవి ఉన్నాయో లేవో చూడమని నర్సును రెండుసార్లు అడిగింది. ఆడపిల్ల ఏడుపు చెవులారా విన్నది. సాయంత్రానికి బొటనవేలు కదిలాక కూడా నమ్మకం కుదరక, అత్తను గిచ్చి చూడమంది.

మూడో రోజు కుమారస్వామి బిడ్డను ఎత్తుకుని మురిసిపోయాడు. "ఇరవై జంపఖానాలకు ఆర్డర్ వచ్చింది సుకన్యా. నువ్వేం ఫికర్ జెయ్యకు, పోగులన్నీ నేనే ఎక్కిస్త. పురుడయినంక నువ్వు కూసుంటే సరిపోతది."

మంచి మనసుతోనే అన్నాడు. సుకన్యకు మాత్రం అత్త చెప్పిన పదకొండో దినం గుర్తొచ్చింది. డాక్టర్‌ను అన్ని ప్రశ్నలు అడిగింది గానీ, కట్టుకున్నవాడిని ఒక్కటీ అడగలేదు.

"నన్ను ఎన్నో దినం కూసోబెడ్తవ్?"

"గదేం అడుగుడే? అమ్మ కూసోలేదా?" అంటూ నవ్వి తల్లి వైపు చూశాడు.

కట్టమ్మ నవ్వలేదు. లేచి వచ్చి కొడుకు చేతుల్లోంచి బిడ్డను తీసుకుంది.

"ఆనాడు నేను అడగకపోతి. నీ పెండ్లాం అడుగుతాంది. నా దిక్కు చూడకు, దానికి జవాబు చెప్పు."