మామ ‘మీరు’ అన్నాడు

మా కింది వాటాలో ఉండే పిల్లకి చైనాలో డాక్టరు చదువుకు సీటొచ్చిందని తెలియగానే, దాన్ని తీసుకొచ్చి నా నెత్తిన పడేశారు. నేను అక్కడ మూడో ఏడు చదువుతున్నాను కదా, ఆ పాపానికి! కంగారు ముందు పుట్టి తర్వాత అది పుట్టింది. పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని పాస్‌పోర్టు కోసం ఇల్లంతా వెతికే రకం. అందుకే దానికి ‘హడావుడి’ అని పేరు పెట్టాను.

హడావుడికి తల్లి లేదు, పురిట్లోనే పోయింది. తండ్రి వేరే సంసారం పెట్టుకుని మళ్ళీ ఈ ఛాయలకు రాలేదు. పెంచింది మేనమామ. కుళాయిలూ పైపులూ బాగుచేసే ప్లంబరు. దానికి జడలు వేయడం మా అమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడట. ఎంత నేర్చుకున్నా పైపు మరలకు దారం చుట్టినట్టే వేసేవాడని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. పెళ్ళి మాటెత్తితే, “ముందు దీని చదువు కానివ్వండి” అనేవాడు. ఆ పిల్లను తిన్నగా పిలిచిన పాపాన పోలేదు. ముద్దొస్తే “ఒసేయ్ కోతీ”, కోపమొస్తే “ఏమేవ్”. అది మాత్రం ఊరుకుంటుందా? అంతకు రెండింతలు అప్పజెప్పేది.

ప్రయాణం రోజు పొద్దున ఎవరింట్లోనో పైపు పగిలింది. మామ అటు పరుగెత్తి, పని ముగించుకుని అటునుంచి అటే విమానాశ్రయానికి వచ్చేశాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడి. చొక్కా మీద తుప్పు మరకలు. భుజాన పానాల సంచీ. మాతో వస్తున్న ఇంకో కొత్తమ్మాయి, వాళ్ళమ్మ కూడా గేటు బయట మా పక్కనే నిలబడ్డారు. ఆవిడ కాలేజీలో లెక్చరరు, ఒంటి మీద బట్టల ఇస్త్రీ మడత నలగలేదు. మామ వంగి హడావుడి పెట్టెకు చక్రం గట్టిగా ఉందో లేదో చూస్తుంటే, ఆవిడ మాటవరసకు అడిగింది.

“ఎవరమ్మా ఆయన?”

“మా వీధిలో ప్లంబరండీ,” అంది హడావుడి.

అబద్ధమా అంటే కాదు. అక్కడే వచ్చింది దరిద్రం. నాకు ఒళ్ళు మండిపోయి ఏదో అనబోయేలోగా మామ లేచి నిలబడ్డాడు. అంతా విన్నాడు. 

“అవునండీ, పెట్టెలు మొయ్యడానికొచ్చాను,” అన్నాడు ఆవిడతో. తర్వాత దీనివైపు తిరిగి, “జాగ్రత్తగా వెళ్ళి రండమ్మా,” అన్నాడు.

రండి! పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల మామ నోట ఆ మాట వినలేదు. బిగుసుకుపోయింది. అది తేరుకునేసరికి ఆయన సంచీ సర్దుకుని బస్సు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

విమానంలో దానికి ముద్ద దిగలేదు.

“అక్కా, మామ నన్ను రండి అన్నాడు.”

“విన్నాను. నాకు చెవుడు లేదు.”

“ఎందుకలా అన్నానో నాకే తెలీదక్కా. ఆవిడ బట్టలు చూశాను, మామ ప్యాంటు చూశాను. నోట్లోంచి వచ్చేసింది.”

“బుద్ధి గడ్డి తిందిలే,” అన్నాను. ఓదార్చాలనిపించలేదు మరి, ఏం చేయను?

మధ్యలో విమానం మారాల్సిన చోట కూలబడి మామకు ఫోన్ చేసింది. స్పీకరులో నాకూ వినబడుతోంది.

“మామా, సగం దారి వచ్చేశాం.”

“మంచిదండీ. ఏమైనా తిన్నారా?”

హడావుడి ఠక్కున ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. “వెటకారమా అక్కా? కోపమా? నాలుగు తిట్టినా పడి ఉండేదాన్ని కదా!” అంది. నాకు మాత్రం ఏం తెలుసు? రెండో విమానం దిగి రైలెక్కాం. కిటికీ పక్క సీటు దానికే ఇచ్చాను. కొత్త దేశం, మొదటిసారి చూస్తోంది, ఒక్కసారైనా తలెత్తి బయటికి చూస్తే ఒట్టు. ఫోన్ తెరవడం, మామ పేరు చూడడం, మూసేయడం. చూసి చూసి నాకే జాలేసింది.

యూనివర్సిటీలో కొత్తవాళ్ళ పేర్లు పెద్ద ఆటల హాల్లో రాసుకుంటున్నారు. బల్ల వెనకున్న ఆఫీసావిడ దీని కాగితాలు తిరగేసి, ఒక ఖాళీ గడి మీద వేలు పెట్టి అడిగింది.

“మామా?”

హడావుడి ఉలిక్కిపడింది. “మా మామ మీకెలా తెలుసు?” అంది, అచ్చ తెలుగులో.

ఆవిడ పాపం ఇంకాస్త మెల్లగా, ఇంకాస్త ముద్దుగా, “మామా?” అంది మళ్ళీ. అంతే, పిల్ల భోరుమంది. వరసలో ఉన్నవాళ్ళంతా మెడలు చాచి చూశారు. మాతో వచ్చిన అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

“పిచ్చిదానా, వీళ్ళ భాషలో మామా అంటే అమ్మ! మీ అమ్మ పేరడుగుతోంది,” అన్నాను, నవ్వాలో ఏడవాలో తెలియక.

కళ్ళు తుడుచుకుని పెన్ను తీసుకుని, ఆ గడిలో మామ పేరు రాసేసింది.

“మగవాడి పేరు రాస్తే ఒప్పుకోరే!”

“ఒప్పుకోకపోతే కొట్టేసుకోమను. నాకు అమ్మ ఆయనే.” తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగింది. “ఆ రోజు నా పెట్టె మోసినాయన మా మామ. నన్ను పెంచింది ఆయనే. మీ అమ్మగారికి చెప్పు.”

ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాక, “సరే, చెప్తా,” అంది.

హాలు బయట మెట్ల మీద కూర్చుని వీడియో కాల్ చేసింది. మామ ఎవరింట్లోనో సింకు కింద దూరి ఉన్నాడు. సగం ముఖమే కనబడుతోంది.

“మామా, తప్పైపోయింది. నువ్వెవరో అందరికీ చెప్పేశాను. ఇంక ఆ అండీలు ఆపు. తిట్టు నన్ను. కోతీ అను!”

ఆయన నవ్వాడు. దొంగనవ్వు కాదు, నిజంగానే నవ్వాడు.

“అయ్యో, కోపమనుకున్నారా? కోపం కాదండీ, అలవాటు చేసుకుంటున్నాను. రేపు మీరు డాక్టరమ్మ అయ్యాక నలుగురిలో నోరుజారి ఒసేయ్ అనేశాననుకోండి, మీకెంత నామోషీ! మొదట్లో నాలుక తిరగలేదు. ఇప్పుడు పర్లేదు, వచ్చేస్తోంది.”

“వద్దు మామా, నీకు దండం పెడతాను.”

“ఇక్కడ కుళాయి విప్పి పెట్టాను, ఇంట్లోవాళ్ళు ఎదురుచూస్తున్నారు. వేళకి తినండి. ఉంటానండీ,” అని పెట్టేశాడు.