రేడియో టీచర్ ఆగినప్పుడు

పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు రేడియో టీచర్. మూడో తరగతి గదిలో ఆ గొంతు మొదలైతే వరండా చివరి కుళాయి దాకా వినపడాల్సిందే. పాఠం బాగా చెబుతుందని అందరూ ఒప్పుకుంటారు. కానీ కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్ల మాత్రం ఏమడిగినా నోరు మెదపదు. తోటిపిల్లలకు ఆమె మూగపిట్ట. ఆ పిల్లను మందబుద్ధి పిల్లల బడికి పంపేద్దామన్నారు హెడ్మాస్టరు. టీచరు సంతకం ఒక్కటే మిగిలింది. అలాంటి ముద్ర వేయడానికి క్షణం చాలు. దాన్ని చెరిపేసి పిల్లను వెనక్కి పిలిచినవాళ్లను మాత్రం నేనింతవరకు చూడలేదు.

టీచరుకు చెయ్యాడలేదు. ముందు తన పాఠాన్నే పరీక్షించాలనుకుని ఫోన్లో రికార్డు చేసింది. ఇంట్లో కూరగాయలు తరుగుతూ వింటుంటే పక్కనున్న అత్తగారు అందుకుంది.

"ఏమే, ప్రశ్నా నీదే, జవాబూ నీదే! ఇక పిల్లలెందుకు, బెంచీలు చాలవూ?"

"వాళ్లు చెప్పలేదత్తయ్యా."

"చెప్పనిస్తేగా! నాతోనూ అంతేగా. కాఫీ కావాలా అంటావు, వద్దులే అని నువ్వే వెళ్లిపోతావు."

టీచరు పకపకా నవ్వింది. మళ్లీ మొదట్నుంచి విన్నది. ఈసారి నవ్వు రాలేదు. ప్రశ్న తర్వాత ఒక్క ఊపిరి కూడా ఖాళీ లేదు.

ఆనాటి నుంచి ప్రశ్న వేసి నోరు మూసుకోవడం సాధన చేసింది. ముళ్లమీద నిలబడ్డట్టుండేది. ఎక్కడ ఆగలేకపోయిందో సాయంత్రం విని, మర్నాడు సరిచేసుకునేది.

ఒకరోజు మంచుముక్కలు తెచ్చింది. ముందు పాఠానికి కలిపిన ఎర్రసిరా నీళ్లు గ్లాసులో మిగిలి ఉంటే వాటిలోనే వేసింది. కాసేపటికి గ్లాసు బయట చెమ్మ పట్టింది.

"ఈ తడి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"గ్లాసు కారిపోతోంది టీచర్!" అన్నారు పిల్లలు. అవునని గానీ కాదని గానీ అనకుండా ఆవిడ పెదవులు బిగబట్టింది. గది నిశ్శబ్దమైంది.

హెడ్మాస్టరు గుమ్మంలో ఆగారు. "ఏంటమ్మా, రేడియో పాడైందా?"

ఆవిడ వేలు పెదవులమీద పెట్టుకుంది.

కిటికీ పక్క పిల్ల లేచింది. మెల్లగా వచ్చి గ్లాసును వేలితో తాకింది. వేలిని వెలుగుకు పట్టి చూసుకుంది.

"కారితే ఎర్రగా ఉండాలి గదా టీచర్. ఇది తెల్లగా ఉంది. బయట్నుంచే వచ్చింది."

 సిరానీళ్లు మిగిలాయని వాటిలో మంచు వేసిందే తప్ప, ఆ ఎరుపు సాక్ష్యం చెబుతుందని టీచరుకే తట్టలేదు. ఇంత ఆలోచన ఇన్నాళ్లూ ఆ కిటికీ పక్కనే, తన గొంతు కింద అణిగి కూర్చుంది!

"నేను సంతకం పెట్టను సార్," అంది.

"పరీక్ష ఏదైనా పెట్టారా?"

"పెట్టాను సార్, నాకు."

హెడ్మాస్టరు లోపలికొచ్చి తనూ గ్లాసును తాకి, వేలిని వెలుగుకు పట్టి చూసుకున్నారు.