నాన్యాంగ్వే టీచరు చెరుకు పాఠం

ఎస్నాత్ నాన్యాంగ్వే పుట్టింది జాంబియాలో ఆ చివర, ఈశాన్యపు కొండల్లో. మెట్టింది ఈ చివర, ఏటేటా లియాంబాయి నది పొంగి మైదానమంతా నీళ్ళు చేసేసే లోజీ వాళ్ళ సీమలో. భర్త అకపెల్వా పశువుల ఆసుపత్రిలో ఉద్యోగి, ఆవిడ బడిపంతులమ్మ. లోజీ భాష ఇట్టే పట్టేసింది గానీ పుట్టింటి యాస మాత్రం పోలేదు. ఆవిడ నోరు విప్పితే తోటి టీచర్లు ముసిముసిగా నవ్వేవారు. ఆవిడా వాళ్ళతో కలిసి నవ్వేసేది.

నెలకో శనివారం చుట్టుపక్కల బడుల టీచర్లందరూ సిబూకాలి బడిలో కూడాలని పై నుంచి ఉత్తర్వు. దాన్ని శిక్షణ అనేవారు. జిల్లా నుంచి వచ్చిన పుస్తకాన్ని ఒకరు పైకి చదువుతారు, మిగిలినవాళ్ళు వింటారు. వినడమంటే ఏముంది, ఆడవాళ్ళు అల్లికలు పట్టుకునేవారు, మగవాళ్ళు కళ్ళు తెరుచుకునే నిద్రపోయేవారు. చివర్లో బుహోబే అనే మొక్కజొన్న పిండి ముద్ద, ఎండుచేప పులుసు పెడతారు కాబట్టి ఎవరూ మధ్యలో లేచి పోయేవారు కాదు.

ఆ చదివే పని ఒక ఏడు ఎస్నాత్ నెత్తిన పడింది. మొదటి రెండు నెలలూ ఆవిడా అందరిలాగే చదివింది. రెండోసారి ఏదో పేజీ మధ్యలో ఉండగా సిలుమెసి మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఆ చుట్టుపక్కల సగంమందికి అక్షరాలు దిద్దించిన మనిషి ఆయన, ఆయన మాటంటే అందరికీ భయమూ, గౌరవమూ.

"అమ్మా, కాస్త గబగబా లాగించెయ్. నీ లోజీ వింటుంటే నా ఆవులు కూడా మేత మానేసేట్టున్నాయి. అవతల పడవ వెళ్ళిపోతోంది."

గది గొల్లుమంది. ఎస్నాత్ కూడా నవ్వింది గానీ ఆ నవ్వు ఇంటిదాకా నిలవలేదు. రాత్రి అన్నాల దగ్గర భర్తతో అంది:

"వాళ్ళు నన్ను చూసి నవ్వినందుకు కాదండీ. చదువుతున్న నాకే చెవికెక్కట్లేదు, వాళ్ళకేం ఎక్కుతుంది? సోమవారం బడికెళ్ళి ఒక్కరైనా ఒక్క పనైనా వేరేగా చేస్తారా?"

"మరి మానెయ్."

"మానను. పుస్తకం మానేస్తా."

మరుసటి నెల టీచర్లు వచ్చేసరికి సమావేశపు గదికి తాళం వేసి ఉంది. ఎస్నాత్ వాళ్ళని నాలుగో తరగతి గదిలోకి తీసుకెళ్ళింది. లోపల పిల్లలు కూర్చుని ఉన్నారు. శనివారం పూట బడికి రావడానికి వాళ్ళని ఒప్పించింది బల్ల మీదున్న చెరుకు గడలే.

"ఇవాళ మీరు నాకు పాఠం చెప్పాలి," అంది టీచర్లతో. "ముందు నేను వీళ్ళకి పాఠం చెప్తాను, మధ్యాహ్నం రెండో జట్టు పిల్లలు వస్తారు. మీరు గోడవారన నిలబడి, నన్ను కాకుండా పిల్లల్ని చూడండి. ఎవరికి అర్థమైంది, ఎవరికి కాలేదు, ఎక్కడ తప్పిపోయారు, అది చూడండి చాలు."

"పరీక్షా అమ్మా ఇది?" అన్నాడు సిలుమెసి మాస్టారు.

"నాకే మాస్టారూ."

పాఠం భిన్నాలు. ఒక గడని మూడు సమాన ముక్కలు చేసింది, ఇంకో గడని నాలుగు. మూడింట ఒక వంతు పెద్దదా, నాలుగింట ఒక వంతు పెద్దదా అని అడిగింది. పిల్లలు ముక్కలకేసి చూస్తూ గుటకలు మింగుతున్నారు. ముందు వరసలోంచి మునాలులా అనే పిల్ల లేచింది.

"నాలుగో వంతే పెద్దది టీచర్."

"కాదమ్మా, సరిగ్గా ఆలోచించు. మూడో వంతు పెద్దది."

ఆ పిల్ల బల్ల దగ్గరికొచ్చి రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి పట్టుకుంది. నాలుగో వంతు ముక్కే బెత్తెడు పొడుగుంది. ఎస్నాత్‌కి అప్పుడు తెలిసింది. తెచ్చిన గడల్లో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. కోసేటప్పుడు అది ఆవిడకి తట్టనే లేదు. తొట్రుపడి, "అది కాదు, లెక్క ప్రకారం మూడో వంతే పెద్దది," అని నల్లబల్ల మీద గబగబా రాసేసింది. మునాలులా ముక్కలు బల్ల మీద పెట్టేసి వెళ్ళి కూర్చుంది. అక్కణ్ణుంచి పాఠం కుంటుకుంటూ నడిచి, చెరుకు ముక్కల పంపకంతో ముగిసింది.

పిల్లలు బయటికి పోయాక టీచర్లందరూ నేల చూపులు చూశారు. అవతలి మనిషి తప్పు ముఖం మీద చెప్పడం వాళ్ళ పద్ధతి కాదు.

"బావుంది టీచర్," అన్నారెవరో మెల్లిగా.

"బాలేదు," అంది ఎస్నాత్. "నాకు ముచ్చెమటలు పోశాయి, మీరంతా చూశారు. ఎక్కడ చెడిందో చెప్పండి. చెప్పకపోతే సోమవారం నా బడిలో మళ్ళీ ఇలాగే చెడగొడతాను."

నమసికు అనే కుర్ర టీచరు నోరు విప్పింది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.

"ఆ పిల్ల చెప్పింది తప్పు కాదు కదా టీచర్? చేత్తో పట్టుకుని చూపించింది. మీరేమో దాని కళ్ళని నమ్మొద్దన్నారు. తర్వాత అది నల్లబల్లకేసి చూడనే లేదు. నేను దాన్నే చూస్తున్నా."

ఎస్నాత్ ఒక్క క్షణం, గడలదే తప్పనీ, పిల్లలు ఆకలి మీదున్నారనీ చెప్పబోయింది. ఆ మాటలు మింగేసి, "నిజమే. అప్పుడు నేనేం చెయ్యాల్సింది?" అంది.

ఇక చూడాలి! ఒకే పొడుగున్న గడలు తేవాలని ఒకరు. కాదు, కావాలనే పొట్టీ పొడుగూ తెచ్చి, ఎందుకిలా వచ్చిందో పిల్లల్నే తేల్చమనాలని ఇంకొకరు. చెరుకు వద్దే వద్దు, తిండి వస్తువు ముందుంటే లెక్కెవరికి కావాలని మరొకరు. పులుసు చల్లారిపోతోందని వంటావిడ రెండుసార్లు వచ్చి చెప్పినా ఎవరూ కదల్లేదు.

సిలుమెసి మాస్టారు చివరికి అన్నాడు: "కింద అంకె పెద్దదైతే వంతు చిన్నదని నేను ఇన్నేళ్ళూ బట్టీ వేయించాను. ఏ గడలో వంతని ఏ పిల్లా అడగలేదు. అడిగే సందు నేనిస్తేగా! రెండో జట్టు పిల్లలున్నారన్నావుగా? మధ్యాహ్నం నేను చెప్తా."

చాపలు అల్లే రెల్లు తెప్పించాడు. ఒకే కొలత పుల్లలు పంచి పిల్లల చేతే తుంపించాడు. పాఠం నడిచింది గానీ ఆయనకి పాత అలవాటు పోలేదు, ప్రశ్న వేసి ఊపిరి తీసుకునేలోగా జవాబు కూడా తనే చెప్పేస్తున్నాడు. ఆ మాట అనడానికి మళ్ళీ నమసికుకే ధైర్యం వచ్చింది.

"నీకు అక్షరాలు నేర్పిన పాపం నాదే!" అని గుడ్లురిమాడాయన. అందరూ బిగుసుకుపోయారు. మాస్టారు రెల్లు పుల్లలు ఏరుకుని కట్ట కట్టాడు. కట్టడం అయ్యాక, "ఎన్నిసార్లు అలా చెప్పేశాను?" అని అడిగాడు.

"లెక్కపెట్టడం మానేశాను మాస్టారూ."

ముందు నవ్వింది ఆయనే.

ఆ తర్వాత శనివారాల రూపే మారిపోయింది. నెలకొకరు పాఠం చెప్పడం, మిగిలినవాళ్ళు పిల్లల్ని గమనించడం, ఆ పాఠాన్నే మరమ్మతు చేసి ఇంకొకరు మళ్ళీ చెప్పడం. కొత్తవాళ్ళు భయపడితే ఎస్నాత్ ముందు తన పాఠం పెట్టేది. అదీ తనకి బాగా వచ్చింది కాదు, చేతకానిది ఏరి మరీ పెట్టేది. ఆవిడ గొప్పతనమంతా అక్కడే ఉంది. తప్పు చెయ్యడానికి జంకని పెద్దమనిషి ఎదురుగా ఉంటే, మిగతావాళ్ళకి సిగ్గు దానంతటదే పోతుంది.

జిల్లా అధికారికి ఇది నచ్చలేదు. ఒకసారి చెప్పాపెట్టకుండా వచ్చి చూస్తే టీచర్లు పిల్లల పక్కన నేల మీద చతికిలబడి ఉన్నారు.

"శిక్షణ ఎక్కడ జరుగుతోంది?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"ఇదే సారు," అన్నాడు సిలుమెసి మాస్టారు. "అలా వెలుగుకి అడ్డం నిలబడకుండా కూర్చోండి."

అధికారి కూర్చున్నాడు, చూశాడు, భోజనమూ చేశాడు. వెళ్తూ వెళ్తూ, పుస్తకం ఎంతవరకు వచ్చిందని అడిగాడు.

"పుస్తకం ఇంటి దగ్గర చదువుకొస్తున్నారు సారు. ఇక్కడ పని చేస్తున్నాం," అంది ఎస్నాత్.

ఆ జవాబు ఆయనకి రుచించలేదు. జిల్లాలో ఆవిడకి రావలసిన పెద్ద ఉద్యోగం, బుద్ధిగా పుస్తకం చదివి వినిపించే మరొకరికి దక్కింది. ఎస్నాత్‌కి బాధ లేదని చెప్తే అబద్ధం. వారం పాటు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ నెల శనివారం మాత్రం వెళ్ళింది. గుణకారాలు చెప్పి, మళ్ళీ చీవాట్లు తింది.

ఇంకో రెండేళ్ళకి, వరద బాగా వచ్చిన ఏడు, మలేరియా ఆవిణ్ణి మంచాన పడేసింది. ఆ నెల సమావేశం ఉండదనే అనుకుంది. ఒంట్లో కాస్త ఓపిక రాగానే, వరదకి సిబూకాలి బడి ఏ స్థితిలో ఉందో చూద్దామని పడవెక్కింది. అది శనివారమన్న సంగతి కూడా జ్వరంలో మరిచిపోయింది. సిబూకాలి గట్టు కింద పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. నాలుగో తరగతి గదిలోంచి కేకలు వినిపిస్తున్నాయి. ఎవరో ఎవరితోనో గట్టిగా వాదిస్తున్నారు.

ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చింది. ఎవరూ లేవలేదు, చూడను కూడా లేదు. నల్లబల్ల దగ్గర, ఆవిడ ఎన్నడూ చూడని ఓ కొత్త టీచరు ముఖం ఎర్రగా చేసుకుని, "అయితే మీరెలా చెప్తారో చెప్పండి!" అంటున్నాడు. గోడవారన ఖాళీ చూసుకుని ఎస్నాత్ కూర్చుంది. కాసేపు విన్నాక ఆవిడకీ ఒక మాట తోచి, చెయ్యెత్తింది. అప్పటికే ఇద్దరు ఎత్తి ఉన్నారు. తన వంతు వచ్చేదాకా చెయ్యి దించకుండా కూర్చుంది.