ముందు పలుకు, అర్థం తర్వాత

మొన్న మా మనవరాలు కొత్త ఫోను నా మూతి దగ్గర పెట్టి, "అమ్మమ్మా, ఏ భాషలోనైనా మాట్లాడు, తెలుగు చేసి చెప్తుంది" అంది. దాని పొగరు అణచాలని, చిన్నప్పుడు నేర్చుకున్న స్లొవాక్ ముక్క ఒకటి వదిలాను. అది ఠక్కున చెప్పేసింది. అప్పట్నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

పోలీస్ యాక్షన్ నాటికి నాకు తొమ్మిదేళ్లు. మారేడ్‌పల్లిలో మా ఇంటి వెనక గదుల్లో ఒక దొరసానమ్మ అద్దెకుండేది. స్లొవాకియా నుంచి ఇంజనీరు భర్తతో వచ్చి, ఆయన పోయాక పియానో నేర్పుకుంటూ బతికేది. తన భాష మాట్లాడే మనిషి ఊళ్లో ఒక్కరూ లేరని ఆవిడ దిగులు. మిషన్ బడిలో తెలుగు పంతులైన మా నాన్నగారికేమో ఆ భాష వింటే పండగే. అందులో కొన్ని మాటల్లో అచ్చే ఉండదట, ‘ర’, ‘ల’లే మాటను మోస్తాయట, వాటికి మళ్లీ పొట్టీ పొడుగూనట. "మన ఋ, ౠ, ఌ, ౡలే! మనం అటకెక్కించినవి అక్కడ హాయిగా బతుకుతున్నాయి!" అని మురిసిపోయి, నన్ను ఆవిడకు శిష్యురాలిగా అప్పగించారు. షరతు ఒక్కటే: ముందు పలుకు, అర్థం తర్వాత. బడిలో ఆయన పద్ధతీ అదే మరి. ఆవిడ అనేది, నేను తిరిగి అనేదాన్ని. ప్రతి మాటకీ మొదట్లోనే ఊనిక. తప్పితే బల్లమీద వేలితో కొట్టేది. సరిగ్గా అంటే కళ్లు తుడుచుకునేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

యూనియన్ పటాలాలు వస్తున్నాయని బజార్లు మూసిన వారంలో ఆవిడకు జ్వరం ముదిరింది. నాన్నగారు డాక్టరు కోసం వెళ్లారు. అప్పటికే ఆవిడకు ఇంగ్లీషు పోయి స్లొవాక్ ఒక్కటే మిగిలింది. నా వైపు చూసి, "దృజ్ మ జ రుకు" అంది. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని, తప్పు లేకుండా తిరిగి అన్నాను. మళ్లీ అంది. మళ్లీ అన్నాను.

"ఏందో అడుగుతున్నది బిడ్డా, జెర దగ్గరికి పోయి సూడు," అంది మా ఆయమ్మ, తడిగుడ్డ పిండుతూ.

"నీకేం తెలుసు? పలకమంటోంది," అన్నాను. ఎంత గర్వమో నాకు!

ఆవిడ గొంతు ఆగిపోయేదాకా అలాగే అన్నాం, ఆవిడా నేనూ. కాసేపటికి నాన్నగారు ఒంటరిగా తిరిగొచ్చారు. "ఒక్క తప్పూ పోలేదు నాన్నగారూ" అని చెప్పాను. ఆయన నా తల నిమిరారు. ఇప్పుడు ఆయన మీద ఒళ్లు మండుతోంది. పోయిన మనిషిని ఏమని తిట్టను?

"నా చెయ్యి పట్టుకో" అంది ఫోను. మనవరాలు చప్పట్లు కొట్టింది.

నాన్నగారు చెప్పిన ఆ ‘తర్వాత’ రావడానికి డెబ్బై ఏళ్లకు పైనే పట్టింది. ఆ కుర్చీకీ మంచానికీ మధ్య దూరం మాత్రం రెండడుగులే.