పిలుస్తామన్నారు

మా నాయనకు ఎదురు చెప్పిన మనిషిని మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. బూన్ లేలోని మా ఫ్లాట్‌లో ఏ కూర వండాలో, ఏ కిటికీ తెరవాలో, నేనేం చదవాలో అన్నీ ఆయనే చెప్పేవాడు. ఎందుకని అడిగితే, చెప్పాను కదా అనేవాడు. పక్కింటికి వెళ్ళాలన్నా అమ్మ ఆయన ముఖం చూసి, ఆయన తల ఊపాకే చెప్పులు వేసుకునేది.

ఆయన ఎవరికీ భయపడడని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఆయన జురాంగ్‌లో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఒకసారి అక్కడ కుటుంబాలను పిలిచి విందు పెట్టారు. వయసులో ఆయనకంటే చాలా చిన్నవాడైన మేనేజరు, ఇంకెవరో చేసిన తప్పుకు నాయనను అందరి ముందూ కడిగేశాడు. నాయన చేతులు కట్టుకుని, యెస్ సర్, యెస్ సర్ అంటూ నిలబడ్డాడు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ మెల్లగా, తప్పు మీది కాదని ఒక్క మాట అనాల్సింది అంది. ఆయనకు కోపం వచ్చింది, మేనేజరు మీద కాదు, అమ్మ మీద. పైవాళ్ళను అడగడం నీకెవరు నేర్పారని అందరూ వింటుండగానే గద్దించాడు.

నాయన పుట్టింది సరిహద్దుకు అవతల, మలేసియాలో, పామాయిల్ తోటలో. అక్కడ తాత, తోట దొర ఎదురొస్తే సైకిలు దిగి పక్కకు నిలబడేవాడట. ఇంటికొచ్చి పిల్లలను బెల్టుతో కొట్టేవాడట. నాయన ఈ రెండు సంగతులూ ఒకే గర్వంతో చెప్పేవాడు. ఆ రెండూ ఒకటేనని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

కిందటేడాది ఒక మధ్యాహ్నం అమ్మ వంటింట్లో కూలిపోయింది. నాయన అంబులెన్సు పిలిచి, ఆమెతో పాటు ఆసుపత్రికి వెళ్ళాడు. నేను ఆఫీసు నుంచి రైల్లో పడి వెళ్ళేసరికి వార్డు బయట కుర్చీలో నిటారుగా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"అమ్మను చూశారా?" అన్నాను.

"మిస్సీ ఇక్కడ కూర్చోమంది. పిలుస్తామన్నారు." ఆయన తరం వాళ్ళు నర్సులను అలాగే అంటారు.

నేను లోపలికి వెళ్ళాను. ఎవరూ ఆపలేదు. అమ్మ ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూడగానే నాయన ఏడీ అని అడిగింది. బయట ఉన్నాడని, నర్సు పిలిచేదాకా రానంటున్నాడని చెప్పాను.

అమ్మ మాస్కు కొంచెం పక్కకు జరిపింది.

"బలవంతం చేయకు. ఎవరూ రమ్మనకుండా లోపలికి రావడం ఆయన వల్ల కాదు."

అయినా నేను ఆగలేదు. బయటికొచ్చి నాయన చెయ్యి పట్టుకుని లాగాను. అమ్మ మిమ్మల్నే అడుగుతోందని చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఆసుపత్రికి రూల్స్ ఉంటాయి, మనం వాళ్ళను ఇబ్బంది పెట్టకూడదు అన్నాడు. ఇక చేసేదిలేక నర్సును వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయనను కూర్చోమన్న నర్సు డ్యూటీ దిగి ఎప్పుడో వెళ్ళిపోయింది. వేరే నర్సు నా వెంట వచ్చి, "అంకుల్, గో ఇన్ లా, హూ సే కెనాట్?" అంటూ, వెళ్ళకూడదని ఎవరన్నారన్నట్టు లోపలికి చెయ్యి చూపింది.

నాయన లేచి, చొక్కా సర్దుకుని బయలుదేరాడు. మేం తలుపు దాటేసరికి అమ్మ మంచం చుట్టూ డాక్టర్లున్నారు. ఎవరో తెర లాగి, వెయిట్ అవుట్‌సైడ్ అన్నారు. నేను తెర పక్కనే నిలబడిపోయాను. నాయన వెంటనే వెనక్కి తిరిగాడు.

మళ్ళీ పిలిచినప్పుడు అమ్మ లేదు. నాయన మంచం మీద అమ్మ కాళ్ళ వైపున నిలబడ్డాడు. పెళ్ళైనప్పటి నుంచి అమ్మ ఏం చేయాలో అన్నీ తానే చెప్పిన మనిషి, నర్సు వైపు తిరిగి, "మిస్సీ, కెన్ టచ్?" అని అడిగాడు. ఆమె ఏడుపు ఆపుకుంటూ తల ఊపింది. అప్పుడు అమ్మ పాదం పట్టుకున్నాడు.

నెలల తరబడి నాకు ఆయనతో మాట్లాడబుద్ధి కాలేదు. వండి పెట్టేదాన్ని, బట్టలు ఉతికేదాన్ని, అంతే. ఒకరోజు మా బ్లాకు కింద, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో టీ తాగుతుంటే ఉండబట్టలేక అడిగేశాను.

"ఎందుకు వెళ్ళలేదు నాయనా? నేను అంతగా పిలిచానే."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఎప్పటిలా గద్దిస్తాడనుకున్నాను. నీకెందుకు సమాధానం చెప్పాలి అంటాడనుకున్నాను.

"వెళ్ళొచ్చని నాకు తెలీదమ్మా," అన్నాడు.

ఆయన సాకు చెప్పడం లేదు. ఆ ముఖంలో నిజంగానే ఏమీ అర్థం కాని బాధ ఉంది. అంతకాలం దాచుకున్న కోపం ఆయన మీద చూపడానికి నాకు మనసు రాలేదు. చుట్టూ జనం ట్రేలు పట్టుకుని ఖాళీ బల్లల కోసం వెతుకుతున్నారు. ఆయన తల వంచుకుని ఏడుస్తున్నాడు. నేను కుర్చీ జరుపుకుని ఆయన పక్కకు వెళ్ళి కూర్చున్నాను.