థింసా వరుసంతా పట్టే లెన్సు కోసం

పోయిన ఏడు అరకు దగ్గర ఒక కొండ ఊళ్ళో ఆడవాళ్ళు వరుస కట్టి ఆడే థింసా ఆట ఫొటో తీసి, ప్రింటు వేయించి పంపాను. ఎంత బాగా వచ్చిందో అని తెగ మురిసిపోయాను కూడా. వరుసకి ముందు నడిచే సోములమ్మ ఆ ప్రింటు చూసి, "నెమలీకలొచ్చినాయి గానీ నాను రానేదేటి?" అందట. నిజమే, వరుస కొసన ఈకలు పట్టుకున్న చెయ్యి మాత్రమే పడింది, మనిషి బయటే ఉండిపోయింది. కెమెరాతోపాటు వచ్చిన పద్దెనిమిది మిల్లీమీటర్ల లెన్సుకి అంతకంటే పట్టలేదు. వెనక్కి జరుగుదామంటే ఆ వాకిలి వెనక కాఫీ తోట పల్లం. ఈసారి ఒక్కరు కూడా తెగకుండా తీస్తానని, నాకీ సంగతి చెప్పిన జీపు డ్రైవరు అప్పలరాజుతోనే కబురంపాను. మాటైతే ఇచ్చేశాను, ఇక లెన్సు వెతుక్కోవాలి.

విశాఖలో నాకు బాగా తెలిసిన కెమెరా కొట్టాయన రెండు వైడ్ యాంగిల్ లెన్సులు ముందు పెట్టారు. ఒకటి పన్నెండు మిల్లీమీటర్ల నుంచి మొదలు, ఇంకొకటి పది నుంచి. అంకె తగ్గేకొద్దీ వెడల్పు ఎక్కువ పడుతుంది. మనలాంటి వాళ్ళు కొనుక్కునే డిజిటల్ కెమెరాల్లో బొమ్మ పడే సెన్సరు ఫిల్ము కంటే చిన్నది. అట్టు అంచులు తుంచేసి నడిమి ముక్క వడ్డించినట్టు, దృశ్యంలో మధ్య భాగమే మన చేతికొస్తుంది. అందుకే ఇందులో పద్దెనిమిదంటే పాత ఫిల్ము కెమెరాలో ఇరవై ఎనిమిది కింద లెక్క. పదిది ఎక్కువ పడుతుంది గానీ అంచుల్లో మనుషుల్ని సాగదీస్తుంది. "రెండు మిల్లీమీటర్లకి ఏం తేడా ఉంటుందమ్మా, పన్నెండే తీసుకోండి" అన్నారాయన. నా మనసూ అటే మొగ్గింది. అయినా రెండూ సంచిలో పెట్టి, సోమవారం ఒకటి తిరిగిచ్చేయమన్నారు. ఎంత నమ్మకమో!

ఉదయం ఏడింటి ప్రాంతంలో బయల్దేరే కిరండోల్ ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు ముప్పై రూపాయల లోపే. కుడివైపు కిటికీ దొరికిందంటే లోయలన్నీ మీవే. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలు అరుస్తుంటే నేనూ గొంతు కలిపాను, సిగ్గేముంది! అరకులో దిగి బొంగులో చికెన్ తింటుంటే అప్పలరాజు వచ్చేశాడు. "బేగి రండమ్మా, పొద్దు వాలితే కొండ నీడ పడిపోద్ది" అన్నాడు. షేరు జీపుకి పది రూపాయలు. నడుం విరిగినంత పనయింది గానీ, వలిసె పూలతో కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుంటే నొప్పి ఎవరిక్కావాలి!

వాకిట్లో ఆడవాళ్ళు వెనకనుంచి చేతులు పెనవేసుకుని వరుస కట్టారు. గోడ వారగా డప్పులు. పన్నెండు లెన్సు పెట్టి చూస్తే సోములమ్మ, ఆమె ఈకలు, ఆ చివరి మనిషి, అందరూ వచ్చేశారు. ఎగిరి గంతేద్దామనుకుంటుండగా సోములమ్మ అడిగింది:

"ముత్తవ్వ అందులో వచ్చినాదా?"

వీళ్ళందరికీ అడుగులు నేర్పిన ముసలామె ముత్తవ్వ. మోకాళ్ళు పోయాక ఆడటం మానేసి, డప్పుల పక్కన అరుగు మీద కూర్చుంటుంది. ఆమె అక్కడ కూర్చుని తలూపితేగాని ఆ ఊళ్ళో ఆట మొదలవ్వదు. ఆమె చోటు మార్చడమన్నది లేదు. పన్నెండులో ఆమె మోకాలు మాత్రమే కనిపిస్తోంది. మళ్ళీ అదే కథ!

గబగబా లెన్సు మార్చాను. పదిలో అరుగు, డప్పులు, ముత్తవ్వ బోసినవ్వు, వెనక కొండ అన్నీ వచ్చాయి. కానీ అంచున ఉన్న సోములమ్మని కెమెరా తెర మీద చూపిస్తే ఆమె నోరు తెరిచింది.

"ఏటమ్మా, నన్ను గుమ్మడికాయ సేసేసినావు!"

అందరూ ఒకటే నవ్వు. ముత్తవ్వ అయితే కళ్ళు తుడుచుకుంది. అంచుకి చేరిన వాళ్ళకే ఈ గతి కాబట్టి, వరుస పాములా చుట్టుకుంటూ లోపలికి తిరిగేదాకా ఆగాను. సోములమ్మ నడిమికి రాగానే నొక్కాను.

సోములమ్మ తెర మీద ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ చూసింది. తనున్న చోట ఒక్క క్షణం ఆగింది. ముత్తవ్వ దాకా వచ్చి, కింద నల్లగా సాగిన ఆకారం మీద వేలు పెట్టింది. ఎండ నా వెనక ఉంది. అంత వెడల్పు లెన్సులో నా నీడ కూడా పడిపోయింది.

"అయ్యో, ఆగండి, ఇంకోటి తీస్తాను" అన్నాను.

"ఒద్దమ్మా. ఎవులూ తెగకుండా తీత్తానన్నావు గదా. నువ్వొక్కదానివీ బయటుంటావేటి?"

నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే!

సోమవారం పన్నెండు తిరిగిచ్చేశాను. నంబర్లు చూసి లెన్సు కొంటాం గానీ, ఎవర్ని పట్టాలో తెలిశాకే ఎంత వెడల్పు కావాలో తెలుస్తుందని ఇప్పుడనిపిస్తోంది. మీరు కొనేముందు వీలైతే రెండూ మీరు తీయబోయే చోటికే తీసుకెళ్ళి చూడండి. మనుషుల్ని అంచుకి రానివ్వకండి, ఎండ వెనక ఉంటే నీడ ఎక్కడ పడుతుందో గమనించండి. ప్రింటు వేసే కుర్రాడు నా నీడ చూసి, "కింద కొంచెం తెగ్గొడదామా మేడమ్?" అని అడిగాడు. సోములమ్మ ఒప్పుకోదని చెప్పాను.